గాజుకు ఆనని వేలు

చిన్నకోడలు మళ్లీ వేలు పెట్టింది. తెర పలకలేదు.

చేతితొడుగును చంకలో ఇరికించుకుని, ఆ వేలిని నోటి దగ్గరకు తెచ్చుకుని ఆవిరి ఊదింది. కోటుకు రుద్దింది. మళ్లీ పెట్టింది. గాజు మీద "ఎన్ని పెట్టెలు?" అన్న ప్రశ్న నీలంగా వెలుగుతూ అలాగే నిలబడి ఉంది. ఆమె దించిన చేపల పెట్టెలు వెనక బండి మీద సిద్ధంగా ఉన్నాయి. ఎన్ని దించిందో తెరకు చెబితే తప్ప బండి లారీల గుమ్మం దాటడానికి వీల్లేదు. చెబుదామంటే వినే దిక్కు లేదు.

పక్క వరసలో పెట్టెలు పేరుస్తూ పెద్దకోడలు ఇదంతా చూస్తూనే ఉంది.

ఇద్దరూ ఒకే ఇంటి కోడళ్లు. అత్తగారు ఇంట్లో పిలిచే పిలుపే ఈ కోల్డ్ స్టోరేజి దాకా వాళ్ల వెంట నడిచొచ్చింది. మేస్త్రి నుంచి నేల ఊడ్చే ఆమె దాకా అందరికీ వాళ్లు పెద్దకోడలు, చిన్నకోడలే. లోపలి చలిగదిలో ఊపిరి వదిలితే అది వచ్చి కనురెప్పల మీద మంచై కూర్చుంటుంది. ఉన్ని తొడుగు, దాని మీద రబ్బరు తొడుగు లేనిదే చెయ్యి బయట పెట్టకూడదని పనిలో చేరిన రోజే చెప్పారు. గోడ మీద బొమ్మ కూడా వేశారు. కొత్త తెరలు వచ్చాక బొమ్మ గోడ మీదే ఉండిపోయింది, పని మాత్రం తొడుగు తీస్తేనే జరుగుతోంది.

పాత తెరలు మసకవి, మొద్దువి. అయినా తొడుగుతో పొడిస్తే పలికేవి, మోచేత్తో నొక్కినా పలికేవి. చేతులు ఖాళీ లేనప్పుడు గడ్డంతో నొక్కిన రోజులు కూడా ఉన్నాయి. కొత్తవి సెల్‌ఫోన్లలాగా నిగనిగలాడతాయి. ఒట్టి వేలు తగిలితే తప్ప ఉలకవు, పలకవు. దించిన ప్రతిసారీ తొడుగు తియ్యాలి, మళ్లీ వేసుకోవాలి. తొందరలో తొడుగు లోపల మంచు చేరుతుంది, మంచు చేరిన తొడుగు వేసుకున్నా ఒకటే, మానినా ఒకటే. చిన్నకోడలి చూపుడువేలు మొదట తెల్లబడింది. తర్వాత మైనంలా గట్టిపడింది. ఇప్పుడు కొస నల్లబడి, ఎండిన చింతగింజలా ఉంది.

మేస్త్రి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

"ఏంటమ్మా, ఈ వరస వెనకబడుతోందని పైనుంచి ఫోనొచ్చింది."

"వేలు పట్టట్లేదండీ."

"ఇంకో వేలు పెట్టు."

"పక్కదీ పట్టట్లేదు. ఎడమచేత్తో లాక్కొస్తున్నా. అదీ తెల్లబడుతోంది."

మేస్త్రి తన తొడుగు తీసి వేలు ఆనించాడు. తెర వెంటనే టింగుమంది, తర్వాతి ప్రశ్నకు వెళ్లింది.

"చూశావుగా. తెర బాగానే ఉంది" అన్నాడు. అతని గొంతులో కోపం లేదు, జాలి లేదు, ఆకాశం మబ్బు పట్టిందన్నట్టు చెప్పాడు. "రేపట్నుంచి రావద్దు. వేలు బాగయ్యాక చూద్దాం. ఇది నా మాట కాదు, పైవాళ్ల మాట."

చిన్నకోడలు తొడుగును చంకలోంచి తీసుకుంది. తల తిప్పి పెద్దకోడలి వైపు చూసింది.

పెద్దకోడలి చేతుల్లో పెట్టె ఉంది. దాన్ని పైవరసలో పెట్టింది. అంచు సరిచేసింది. సరిగానే ఉన్న అంచును మళ్లీ సరిచేసింది. ఆమె ఇటు తిరిగేసరికి చిన్నకోడలు తలుపు దగ్గర వేలాడే ప్లాస్టిక్ పరదాలను తోసుకుని వెళ్లిపోతోంది.

సాయంత్రం పెద్దకోడలు ఇంటికొచ్చేసరికి వంటింట్లో గిన్నె ఉడుకుతోంది. మగవాళ్లు ఇంకా పనుల నుంచి రాలేదు. అత్తగారు ముందుగదిలో బట్టలు మడతపెడుతోంది. చిన్నకోడలు పొయ్యి దగ్గర నిలబడి, గిన్నె మీది మూత ఎత్తి పట్టుకుని, లోపలికి చూస్తోంది. మసిగుడ్డ పక్కనే ఉంది, దాని జోలికి పోలేదు. ఒట్టి వేళ్లతో మూత అంచు పట్టుకుని నింపాదిగా గరిటె తిప్పుతోంది.

పెద్దకోడలు ఒక్క అంగలో వెళ్లి ఆ మూతను చేతిలోంచి కొట్టేసింది. అది నేల మీద పడి గింగిరాలు తిరిగింది.

"చెయ్యి కాలుతోందే."

"కాలుతోందా?" అంది చిన్నకోడలు. వేలిని ఎత్తి, ఎవరిదో వేలు చూసినట్టు చూసుకుంది. నల్లబడిన చోటుకు కింద చర్మం బొబ్బలెక్కుతోంది. "నాకు తెలియలేదు."

పెద్దకోడలు చెంబుతో నీళ్లు తెచ్చి ఆ చెయ్యి ముంచింది. చిన్నకోడలు చెయ్యి తీసేసుకుంది.

"గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే కాబోలు. రేపు ఆసుపత్రికి వెళ్దాం" అంది పెద్దకోడలు.

"వెళ్దామా? నీకు పనుంది కదక్కా. నేనే వెళ్తాలే."

ఆ 'నీకు పనుంది' అన్న మాట ముల్లులా దిగింది. "ఏం చెయ్యమంటావు? నేను నోరు విప్పితే ఇద్దరి పనీ పోయేది."

"పోయేదేమో. నువ్వు విప్పలేదుగా, తెలియలేదు." చిన్నకోడలు మూతను తీసి కడిగింది, గిన్నె మీద పెట్టింది. "మేస్త్రి పొమ్మన్నందుకు నాకంత బాధ లేదు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకని ఊరికే అన్లేదు."

"నేను నవ్వానా?"

"నవ్వినా బావుండేదక్కా. నావైపు చూసినట్టుండేది."

ముందుగదిలోంచి అత్తగారి గొంతు వినిపించింది. "నేనెప్పుడు కొట్టానే మిమ్మల్ని?"

మామూలు రోజైతే ఆ మాటకు వంటిల్లంతా నవ్వేది.

మర్నాడు పొద్దున చిన్నకోడలి వరస తెరను రిపేరాయన విప్పి చూస్తున్నాడు. చలిగది బయటి నడవాలో బల్ల మీద దాన్ని బోర్లా పడుకోబెట్టాడు. మనిషి పొట్టి, కళ్లద్దాల మీద ఎప్పుడూ ఆవిరే. తెర పనిచెయ్యడం లేదేమో చూడమని మేస్త్రి పంపాడట. తన మాట మీద మేస్త్రికే నమ్మకం కుదరలేదన్నమాట.

పెద్దకోడలు బండి ఆపి నిలబడింది.

"ఏమైనా చెడిందా?"

"ఏం చెడలేదమ్మా. బ్రహ్మాండంగా ఉంది."

"మరి మావాళ్ల వేలెందుకు పట్టట్లేదు? పాతవి గడ్డం పెట్టినా పట్టేవి."

అతను కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అడిగేవాళ్లు లేక ఆగిపోయిన మాట కాబోలు, గబగబా వచ్చింది.

"పాతది రెండు పొరలమ్మా. మధ్యలో సన్నటి సందు. పైపొర నొక్కితే వంగి కిందిపొరకు తగులుతుంది. ఎక్కడ తగిలితే అక్కడ నొక్కారని దానికి తెలుస్తుంది. నొక్కింది వేలా, కర్రా, గడ్డమా, దానికి అనవసరం. ఇది అలా కాదు. ఇది నొక్కుడు చూడదు. గాజు కింద కంటికి ఆనని తీగలుంటాయి, వాటిలో కొద్దిగా కరెంటు. మనిషి వేలు దగ్గరకొస్తే ఆ కరెంటులో రవ్వంత ఒంట్లోకి లాగుతుంది. ఎక్కడ తగ్గిందో చూసి, ఇక్కడ వేలుందని పట్టుకుంటుంది. ఒంట్లో తడి ఉంటుంది, ఉప్పుంటుంది, అందుకని కరెంటుకు దారి దొరుకుతుంది. ఇంత మందం ఉన్నిలో, రబ్బరులో ఆ దారి లేదు."

"వేలికే ఆ దారి పోతే?"

"చర్మం చచ్చి ఎండిపోతే అదీ తొడుగులాంటిదే. దీని లెక్కలో అక్కడ మనిషి లేనట్టే."

పెద్దకోడలు ఆ బోర్లా పడుకున్న తెరను చూసింది. "అంటే తొడుగు తియ్యమని వేలిని చంపిందీ ఇదే, చచ్చిన వేలు నాకొద్దంటోందీ ఇదే."

రిపేరాయన చేతిలోని స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టాడు.

"లారీల దగ్గరున్న తెర తొడుగుతో పనిచేస్తుందే?"

"అది మూడో రకం. చుట్టూ చట్రంలోంచి కనపడని వెలుగు అడ్డంగా, నిలువుగా పోతుంటుంది. ఏది అడ్డం పడినా దానికి తెలిసిపోతుంది. కట్టు కట్టిన చెయ్యైనా సరే. లోపల పెడితే చట్రానికి మంచు పేరుకుని, ఆ మంచే వేలనుకుంటుంది. అందుకని బయటే పెట్టాం. చలిగదికి పాతవే మంచివి."

"ఈ సంగతి పైవాళ్లకు చెప్పారా?"

"చెప్పాను. చూడ్డానికి బాగోలేవన్నారు. పెద్దవాళ్లెవరో చూడ్డానికొస్తారట." అతను గొంతు తగ్గించాడు. "పాతవన్నీ వెనక షెడ్డులో పడి ఉన్నాయి. ఒక్కటీ చెడలేదు."

చూడ్డానికి. ఆ మాట వినగానే పెద్దకోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది. చూడ్డానికి బాగుండాలని. బండిని అక్కడే వదిలేసి మెట్లెక్కింది.

మేనేజరు గది వెచ్చగా ఉంది. గదిలోకి అడుగుపెట్టగానే ఆమె కనురెప్పల మీది మంచు కరిగి బుగ్గల మీదికి జారింది. ఏడుస్తున్నాననుకుంటాడని మోచేత్తో తుడుచుకుంది. ఆయన చొక్కాచేతులు మడుచుకుని టీ తాగుతున్నాడు. మర్యాదస్థుడే. కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు.

చెప్పాల్సింది చెప్పింది. ఆయన సాంతం విన్నాడు.

"గ్లవ్ తియ్యడానికి ఎంతసేపమ్మా? ఒక్క క్షణం."

"ఆ ఒక్కో క్షణమే పోగై వేలు నల్లబడిందండీ."

"మిగతావాళ్ల వేళ్లు బాగానే ఉన్నాయిగా. ఎవరూ ఏం అనలేదు."

"మీరు చూశారా?"

ఆయన ఆ ప్రశ్నను పక్కకు జరిపి, కుర్చీలో ముందుకు వంగాడు. గొంతు ఇంకా మెత్తబడింది. "నీకు మోకాళ్ల నొప్పులని విన్నాను. లారీల దగ్గర కూర్చుని చేసే పని ఖాళీ అవుతోంది. చలి ఉండదు, మోత ఉండదు. నీ సంగతే అనుకుంటున్నాం. ఇలాంటి వాటిలో తలదూర్చి చెడగొట్టుకోకు."

ఆ కుర్చీ కోసం ఆమె ఎన్నాళ్లుగానో చూస్తోంది. రాత్రి కాళ్లు చాపుకుంటే మోకాళ్లు కలుక్కుమన్నప్పుడల్లా అదే గుర్తొస్తుంది. అక్కర్లేదు అన్న మాట నాలుక దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. సరే అని కూడా అనలేదు. గడప దాటి, మెట్లు దిగి, చివరి మెట్టు మీద కూర్చుండిపోయింది. ఎద్దు పుండు కాకికి ముద్దా అని ఆయన్ని తిట్టుకుంది. ఎర చూడగానే నోరు కట్టేసుకున్నందుకు తనను తాను అంతకంటే ఘోరంగా తిట్టుకుంది.

మధ్యాహ్నం విశ్రాంతి గదిలో అందరూ హీటరు చుట్టూ చేరారు. పెద్దకోడలు మధ్యలో నిలబడి, మేనేజరు అన్నదంతా, లారీల దగ్గర కుర్చీ సంగతితో సహా, చెప్పింది.

"తొడుగులు తియ్యండి. చేతులు చూపించండి."

ఎదురుగా కూర్చున్న బండ్లు తోసే బక్కాయన కుడిచేతిని తొడ కిందికి తోసుకున్నాడు.

"గాజుపలకకు రోజంతా చూపిస్తున్నారుగా. నాకు చూపించడానికి సిగ్గెందుకు?"

మొదట ఊడ్చే ఆమె తీసింది. ఆమె తెర జోలికి పోదు కాబట్టి చేతులు గరుకుగా, ఎర్రగా, బాగానే ఉన్నాయి. ఆ చేతుల పక్కన మిగతావి ఒక్కొక్కటే బయటికొచ్చాయి. తెల్లటి కొసలు. పగిలి మూసుకుని మళ్లీ పగిలిన కొసలు. బక్కాయన చూపుడువేలి గోరు ఊడి ఉంది. గుండీలు తన భార్యే పెడుతుందని, పెట్టేటప్పుడు నవ్వుతుందని చెప్పి, తనూ నవ్వబోయి మానేశాడు.

"రేపు తొడుగులు తియ్యద్దు" అంది పెద్దకోడలు.

"పని మానేద్దామా?"

"పని ఎందుకు మానడం? ఒక్క పెట్టె కూడా ఆగకూడదు. తొడుగు మాత్రం తియ్యం. గోడ మీద బొమ్మలో అలాగే ఉంది కదా."

మర్నాడు చలిగదిలో ఎప్పుడూ లేనంత చురుగ్గా పని జరిగింది. చేతులు వెచ్చగా ఉంటే పని అంత తేలికని అందరూ మర్చిపోయి చాలా కాలమైంది. పెట్టెలు దిగాయి, బండ్లు నిండాయి, లారీల గుమ్మం దాకా వరసగా నిలబడ్డాయి. తెరలు మాత్రం పొద్దున తెరిచినప్పుడు అడిగిన ప్రశ్ననే అడుగుతూ కూర్చున్నాయి. తెరల లెక్క ప్రకారం ఆ రోజు ఎవరూ ఒక్క పెట్టె కూడా ముట్టలేదు. లెక్క లేని సరుకును లారీల గుమ్మం దాటనివ్వలేదు. ఎదురుగా గుట్టలుగా సరుకు, వెనక తలుపులు తెరుచుకున్న లారీలు, హారన్లు.

మేస్త్రి పరుగెత్తుకొచ్చాడు.

"ఏంటిది? తెర నొక్కండి."

"నొక్కుతున్నామండీ" అని పెద్దకోడలు తొడుగు చేత్తో గాజు మీద గట్టిగా పొడిచింది. "పలకట్లేదు. మా పని మేం చేస్తున్నాం. పెట్టె ఎక్కడైనా ఆగిందేమో చూపించండి."

మేస్త్రి చూశాడు. ఆగలేదు. తన తొడుగు తీసి, తెర తర్వాత తెర తానే నొక్కుకుంటూ పోయాడు. అటు చివర పూర్తిచేసేసరికి ఇటు చివర మళ్లీ బండ్లు నిండుతున్నాయి. తిరిగొచ్చి నొక్కాడు. మళ్లీ పోయాడు. రానురాను మధ్యలో ఆగి వేళ్లు చంకల్లో పెట్టుకుంటున్నాడు. చివరికి ఒక తెర ముందు వేలు ఆనించి, ఎత్తి, ఆనించి, పలకకపోయేసరికి దాన్నే చూస్తూ నిలబడిపోయాడు. పెద్దకోడలికి ఆ నిలబడడం తెలుసు. రెండు రోజుల కిందట అక్కడ ఇంకొకరు అలాగే నిలబడ్డారు.

మేనేజరు లోపలికి వచ్చాడు. మీద ఎవరిదో కోటు, గుండీలు సరిగా పెట్టుకోలేదు.

"నొక్కవయ్యా, చూస్తావేం?"

మేస్త్రి తొడుగు వేసుకున్నాడు. నిదానంగా, ఒక్కో వేలూ సర్దుకుంటూ.

"నావల్ల కాదండీ. నా వేళ్లు నాకు కావాలి. మీరు నొక్కండి, ఒక్క క్షణం."

ఆ మాట మేస్త్రికి ఎవరు చేరవేశారో గానీ, బక్కాయన మొహం అటు తిప్పుకున్నాడు.

మేనేజరు నొక్కాడు. చలి కొత్త కాబట్టి మొదట పౌరుషంగానే నొక్కాడు. ఆయన నడిచిన వరస వెంట ఎవరూ నవ్వలేదు, పెట్టెలు దించుతూ పోయారు. మధ్యలోకి వచ్చేసరికి ఆయన వేలిని నోట్లో పెట్టుకుని, తడి చేసి, ఆ తడి వేలితో తెర వైపు వంగాడు.

"తడి పెట్టకండి. ఈ చలిలో తడి వేలు ముందు పోతుంది" అంది పెద్దకోడలు. ఆమె గొంతులో దయ లేదు. పనిలో కొత్తగా చేరినవాళ్లకు చెప్పినట్టే చెప్పింది.

ఆయన చేతిని కోటు జేబులో పెట్టుకున్నాడు. లారీల వైపు నుంచి హారన్లు మోగుతూనే ఉన్నాయి. ఎవరి వైపూ చూడకుండా, "ఆ పాతవి ఎక్కడున్నాయి?" అని అడిగాడు.

సాయంత్రానికి షెడ్డులోంచి మసక తెరలు బయటికొచ్చాయి. రిపేరాయన ఈలవేస్తూ వాటిని బిగించాడు. పెద్దకోడలు ఇంటికి నడవలేదు, దాదాపు పరుగెత్తింది. మోకాళ్లు ఉన్నాయన్న సంగతే తోచలేదు. ఏం చెప్పాలో దారి పొడుగునా కూర్చుకుంది.

చిన్నకోడలు మంచం మీద కూర్చుని ఉంది. చేతికి తెల్లటి కట్టు. పక్కన అత్తగారు పాలగ్లాసు పట్టుకుని, తాగమని బతిమాలుతోంది.

పెద్దకోడలు జరిగిందంతా చెప్పింది. మేస్త్రి తొడుగు వేసుకోవడం, మేనేజరు వేలు నోట్లో పెట్టుకోవడం అభినయించి మరీ చూపించింది. అత్తగారు పకపకా నవ్వింది. చిన్నకోడలు నవ్వలేదు.

"ఆ కొస ఇక బతకదంది డాక్టరు" అంది. "కొన్నాళ్లు చూసి, నల్లబడినంత మేరా తీసేస్తారట. పక్క వేలు దక్కొచ్చంది."

పెద్దకోడలు కూర్చుకున్న మాటలన్నీ చెదిరిపోయాయి. మంచం అంచున కూర్చుంది.

"లారీల దగ్గర పని నీకిమ్మని అడుగుతాను. అక్కడి తెరకు ఏ చెయ్యైనా ఒకటే" అంది.

"అది నీకిస్తానన్నాడటగా. బక్కాయన పెళ్లాం ఇవాళ ఆసుపత్రిలో కనపడి చెప్పింది."

"అన్నాడు."

"నువ్వేమన్నావు?"

అబద్ధం ఆడొచ్చు. కాదు పొమ్మన్నానని చెప్పొచ్చు. "ఏమీ అనలేదు. నోరు పెగల్లేదు" అంది పెద్దకోడలు.

చిన్నకోడలు ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత అత్తగారి చేతిలోంచి గ్లాసు తీసుకుని, ఎడమచేత్తో పాలు తాగింది. "రేపు నేనూ వస్తా. నా తరపున నువ్వేమీ అడగొద్దు" అంది.

పొద్దున ఇద్దరూ మేనేజరు గదిలోకి వెళ్లారు. పెద్దకోడలు గొంతు సవరించుకుంది. చిన్నకోడలు ఆమె మోచెయ్యి మీద చెయ్యి వేసి, ఆపి, తాను ముందుకెళ్లి బల్ల మీద కుడిచెయ్యి పెట్టింది. వంగి, ఎడమచేత్తో, పళ్ల సాయంతో కట్టు ముడి విప్పింది.

"అదెందుకమ్మా, పాతవి పెట్టించేశాంగా" అన్నాడు మేనేజరు.

ఆమె గుడ్డ పొరను చుట్టు తర్వాత చుట్టు విప్పుతోంది. మందు వాసన గదంతా పరుచుకుంది. ఆఖరి పొరలు వేలికి అంటుకున్నాయి. తొందరపడలేదు, కొద్దికొద్దిగా లాగింది.

ఆయన కిటికీ వైపు చూశాడు. ఫోను చేతిలోకి తీసుకుని, మళ్లీ బల్ల మీద పెట్టాడు. "నీ పని ఎక్కడికీ పోదు. లారీల దగ్గర వేస్తాం, సరేనా? వైద్యం ఖర్చు సంగతి కూడా నేను మాట్లాడతాను" అంటూ కుర్చీలోంచి లేచాడు.

"కూర్చోండి" అంది చిన్నకోడలు.

గొంతు పెంచలేదు. ఆ ఇంట్లో ఇన్నేళ్లుగా ఆమె ఎవరితోనూ ఆ గొంతుతో మాట్లాడగా పెద్దకోడలు వినలేదు.

మేనేజరు కూర్చున్నాడు.

చిన్నకోడలు విప్పిన గుడ్డను పక్కకు జరిపి, చేతిని ఆయన ముందుకు తోసింది. "ముందు చూడండి" అంది. "ఎక్కడ వేస్తారో తర్వాత మాట్లాడుకుందాం."